పధ్నాలుగున్నర కూలంబులు

సరళా, ముందు ఆ టీ గ్లాసు కింద పెట్టు. పెట్టావా? ఇప్పుడు ఇదిగో, నీ చీర. ఆగాగు, మడత విప్పకు! తర్వాత తీరిగ్గా విప్పుకుందువుగాని. నిన్న గుంటూరులో ఏం జరిగిందో మొత్తం విన్నాక, నన్ను తిట్టాలో దీవించాలో తేల్చుకుని అప్పుడు విప్పు. కృష్ణవేణీ, నువ్వే సాక్షి. ఇది మధ్యలో లేచి నా జడ పట్టుకుంటే నువ్వే అడ్డం రావాలి.

ఉద్యోగం వచ్చిందా అని అడగొద్దు. అక్కడికే వస్తున్నాను. ప్రస్తుతానికి ఇంతే చెప్తాను: నేను ఇంటర్వ్యూకని వెళ్లి, కాలేజీ సామాను పాడుచేసి, పెద్దమనుషులిద్దరికి తగువు పెట్టి, కొండవీడు కొండను గాల్లోకి లేపి, సాయంత్రం బస్సుకి ఇంటికొచ్చాను. నవ్వకండి. నిజంగానే లేపాను. నల్లబల్ల మీద లేపాను.

మీకు తెలుసుగా, ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటర్ ఉద్యోగం. బీయెస్సీ ప్యాసై కూర్చున్నప్పట్నుంచీ నేను చేస్తున్న పని ఏమిటంటే, మా అమ్మకి మగ్గం నూలు కండెలకి చుట్టిపెట్టడం. మా వీధిలో బీయెస్సీ చదివిన మొదటి ఆడపిల్లని నేనేనని నాన్న అందరికీ చెప్పుకుంటాడు. విన్నవాళ్లు "ఇప్పుడేం చేస్తోంది?" అంటే మాత్రం మగ్గం మీద ఏదో తెగిందన్నట్టు వంగిపోతాడు. అదీ నా పరిస్థితి.

ఇంతకుముందు రెండు చోట్లకి వెళ్లాను. రెండు చోట్లా "కబురు చేస్తాం" అన్నారు. ఆ కబురు ఇంకా దార్లోనే ఉంది. రెండు చోట్లకీ నూలు చీరలే కట్టుకెళ్లాను. కాబట్టి తప్పు చీరలదేమోనని నాకో అనుమానం. తప్పు నా చదువుదేమోనన్న అనుమానం మాత్రం రాలేదు చూడండి!

అందుకే సరళా, మొన్న నీ దగ్గరికొచ్చి, మీ బావగారు బొంబాయినుంచి తెచ్చిన నైలాన్ చీర బతిమాలి పట్టుకెళ్లాను. గులాబీ రంగు, జారిపోయే మెత్తదనం, ఇస్త్రీ అక్కర్లేదు. పొద్దున్నే అది కట్టుకుని అద్దంలో చూసుకుంటే నాకే నేను కాలేజీ మేడంలా కనిపించాను. అమ్మ అప్పటికే నాన్న నేసిన నీలం నూలు చీర తీసి మంచం మీద పెట్టింది. దాన్ని చూసింది, నన్ను చూసింది, మళ్లీ మడతపెట్టి లోపల పెట్టేసింది. నేతపనివాళ్లింట్లో పుట్టిన పిల్ల నైలాన్ కట్టుకుని గడప దాటుతుంటే నాన్న మగ్గం ఆపి మరీ చూశాడు. "జాగ్రత్తగా వెళ్లిరామ్మా" అన్నాడంతే. ఆ తర్వాత మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడెను కాస్త గట్టిగా విసిరిన చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

బస్సులో పర్చూరు దాకా బాగానే ఉంది. కిటికీ పక్క సీటు, ఒళ్లో పుస్తకం. అదేమో కొత్తరకం ఫిజిక్సు లెక్కల పుస్తకం. అంతా మీటర్లు, కిలోగ్రాములు, న్యూటన్లు, కూలంబులు. నేను కాలేజీలో చదివినవేమో సెంటీమీటర్లు, గ్రాములు. ఇప్పుడు కొత్త పద్ధతి వస్తోందని విని, ఎందుకైనా మంచిదని దారి పొడుగునా అది బట్టీ పట్టాను. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది అదే.

పర్చూరు దాటాక ఎండెక్కింది. గాలి అప్పడంలా ఫెళఫెళలాడేంత పొడిగా ఉంది. నేనటూ ఇటూ కదిలినప్పుడల్లా చీర సీటు రెక్సినుకి ఒరుసుకుని చిటపటమని చప్పుడు. పక్కనున్న పెద్దావిడ కాసేపు చెవి రిక్కించి విని, "అమ్మాయ్, నీ చీరలో పోపు వేగుతోందేమిటే?" అంది. నవ్వి ఊరుకున్నాను. బీయెస్సీ ఫిజిక్సు చదివినదాన్ని కదా, నైలాన్ రెక్సినుకి ఒరుసుకుంటే ఏమవుతుందో ఆలోచించొచ్చు కదా! లేదు. పుస్తకంలో అదే పాఠం చదువుతున్నాను, చీర అదే పని చేస్తోంది, రెండింటికీ సంబంధం ఉందని మాత్రం తోచలేదు.

గుంటూరులో దిగి బ్రాడీపేట వైపు రిక్షా ఎక్కాను. కొంత దూరం పోయాక ముందు పత్తి బండ్ల వరస. పక్కనే జిన్నింగ్ మిల్లు గేటు. సరిగ్గా ఆ గేటు ముందు రిక్షా చెయిను ఊడింది. రిక్షా అతను దిగి చెయిను ఎక్కిస్తున్నాడు. మిల్లులోంచి దూది పింజలు గాల్లో తేలుకుంటూ వస్తున్నాయి. చూడ్డానికి బాగానే ఉంది. తెల్లగా, మెల్లగా, ఏ తొందరా లేకుండా. అన్నీ తిన్నగా నా మీదికే వస్తున్నాయని ఎప్పుడు తెలిసిందంటే, మోకాళ్లదాకా కప్పేసిన తర్వాత.

దులిపాను. దులిపితే పోవాలి కదా? పోలేదు. చేత్తో రుద్దాను. రుద్దితే ఇంకా ఎక్కువొచ్చాయి! ఎందుకు రావు? రుద్దిన కొద్దీ చీరకి ఇంకాస్త ఛార్జి ఎక్కుతుంది, ఎక్కిన కొద్దీ ఇంకాస్త దూదిని లాక్కుంటుంది. దూదికి సొంతంగా ఏ ఛార్జీ లేకపోయినా సరే, లాక్కుంటుంది. ఇదంతా నాకు వచ్చు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. వచ్చి కూడా రుద్దుతూనే ఉన్నాను.

రిక్షా అతను లేచి నన్ను చూసి, "మిల్లులో పనిచేసేవాళ్లకి కూడా ఇంత అంటదండీ!" అన్నాడు. పాపం, సాయం చేద్దామని భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు. దాంతో మళ్లీ రుద్దాను. ఇక చెప్పేదేముంది!

కాలేజీ వరండాలోకి అడుగుపెట్టగానే ఆయా ఎదురొచ్చింది. నన్ను పైనుంచి కిందికి చూసి, "పరుపులు కుట్టడానికి వచ్చావా? హాస్టలు వెనకపక్క" అంది. "ఇంటర్వ్యూకి" అన్నాను. నమ్మలేదు. నా చేతిలో కాగితాలు చూసి, ఇంకోసారి నా వైపు చూసి, "ఫిజిక్సా? అయితే లోపలికి పో" అంది. ఫిజిక్సు వాళ్లు ఇలాగే ఉంటారని ఆమె అభిప్రాయం కాబోలు.

లోపల ముగ్గురు. మధ్యలో ప్రిన్సిపాల్ గారు, హిస్టరీ చెప్పే పెద్దావిడ, నిదానంగా మాట్లాడుతుంది. కుడిపక్క సోమయాజులు గారు, ఫిజిక్సులో పెద్ద లెక్చరరు, పంచె మీద కోటు. ఎడమపక్క మూర్తి గారు, ఈ మధ్యే చేరిన కుర్ర లెక్చరరు. ముగ్గురూ నా చీర వైపు ఒకసారి చూసి, మర్యాదగా చూపు తిప్పుకుని, ఆ తర్వాత నా మొహం దాటి కిందికి చూడకుండా ఉండటానికి నానా అవస్థా పడ్డారు.

"కూర్చోమ్మా రాజ్యలక్ష్మీ" అన్నారు ప్రిన్సిపాల్ గారు. కూర్చున్నాను. కుర్చీ కూడా చిటపటలాడింది.

సోమయాజులు గారు లెక్క ఇచ్చారు. "రెండు బెండు బంతులు. ఒకే మేకుకి రెండు దారాలతో వేలాడుతున్నాయి. రెండింటికీ సమానంగా ఛార్జి ఇచ్చాం. ఒకదాన్నొకటి తోసుకుని ఆరు సెంటీమీటర్ల ఎడంగా నిలబడ్డాయి. బంతి ఒక్కోటి గ్రాములో పదో వంతు. దారం యాభై సెంటీమీటర్లు. ఒక్కోదాని మీద ఛార్జి ఎంత?"

హమ్మయ్య అనుకున్నాను. ఈ లెక్క నాకు నిద్దట్లో లేపి అడిగినా వచ్చు. బరువు బంతిని కిందికి లాగుతుంది, తోపు పక్కకి నెడుతుంది, దారం ఇద్దరి మాటా విని కొంచెం వాలుతుంది. ఎంత వాలిందో చూస్తే తోపు ఎంతో తెలుస్తుంది. తోపు తెలిస్తే, ఎడాన్ని ఎడంతో హెచ్చవేసి, దాన్ని తోపుతో హెచ్చవేసి, వర్గమూలం తీస్తే ఛార్జి వచ్చేస్తుంది. టకటకా రాశాను. పధ్నాలుగున్నర వచ్చింది. కింద రెండు గీతలు కూడా గీశాను. పక్కన మాత్రం, చేతికి ఏం దెయ్యం పట్టిందో, "కూలంబులు" అని రాశాను.

సరళా, నీకు లెక్కలంటే పడవు కాబట్టి చెప్తున్నా. సెంటీమీటర్లు, గ్రాముల్లో లెక్క వేస్తే జవాబు పాత కొలతలో వస్తుంది. అది బుల్లి కొలత. కూలంబు దాని ముందు రాక్షసి. నేను చేసిన పనేమిటంటే, ఒక్క ఆవగింజను చూపించి ఇది పుట్టెడు ఆవాలని చెప్పడం. నిజానికి అంతకంటే ఘోరం.

సోమయాజులు గారికి అంకె నచ్చింది, పక్కనున్న మాట కనబడలేదు. తలూపారు. మూర్తి గారికి కనబడింది. ఆయన మొహంలో ఒక రకమైన ఆనందం కనిపించింది. "పధ్నాలుగున్నర కూలంబులు. బాగుందండీ. అంత ఛార్జి ఉన్న బంతులు ఆరు సెంటీమీటర్ల దూరంలో ఉంటే, వాటి మధ్య తోపు ఎన్ని న్యూటన్లో కూడా చెప్పండి."

నాకు అప్పుడైనా వెలగాలి కదా! ఆ తోపు లెక్కలో ముందే ఉంది, దాంతోనే ఇక్కడిదాకా వచ్చాను. కానీ దార్లో బట్టీ పట్టిన కొత్త సూత్రం నాలిక చివర సిద్ధంగా ఉంది. మహా ఉత్సాహంగా మొదలెట్టాను. తొమ్మిది వందల కోట్లతో హెచ్చవేశాను, సెంటీమీటర్లని మీటర్లు చేశాను. ఐదు వేసి సున్నాలు పెట్టడం మొదలుపెట్టాను. పెడుతున్నాను... పెడుతున్నాను... నల్లబల్ల అంచు వచ్చింది. మిగిలినవి కింది వరసలో పెట్టాను.

ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు సవరించుకున్నారు. "ఇంతకీ అది ఎంత బలమమ్మా? నాలాంటిదానికి అర్థమయ్యేట్టు చెప్పు."

లెక్కేసి చూసి, "కొండవీడు కొండను ఎత్తొచ్చండీ" అన్నాను.

"రెండు బెండు ముక్కలతో?"

"అవునండీ."

ఆవిడది హిస్టరీ కదా. "మరి ఆ పైన కోట కట్టుకోవడానికి రెడ్డిరాజులు అంత అవస్థ ఎందుకు పడ్డట్టు?"

మూర్తి గారు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు చూశాను నల్లబల్ల వైపు. "కూలంబులు" అన్న ఆ మాట నావైపే చూస్తోంది. తల కొట్టేసినట్టయింది. "కొలత తప్పు రాశానండీ..." అంటున్నాను. మనసులో మాత్రం అమ్మ పక్కన పీట, కండెలు, రాట్నం, అన్నీ కళ్లకి కట్టినట్టు కనిపిస్తున్నాయి.

సోమయాజులు గారు మంచాయన. "కంగారులో రాసిందిలెండి. డిమాన్‌స్ట్రేటరుకి చెయ్యి తిరగడం ముఖ్యం. ఒక ప్రయోగం చేయిద్దాం" అని లేచారు. మూలనున్న బల్ల మీద ఎలక్ట్రోస్కోపు ఉంది. గాజు సీసా, మూత మీద ఇత్తడి గుండీ, లోపల దగ్గరదగ్గరగా వేలాడే రెండు బంగారు రేకులు. ఛార్జి ఉన్న వస్తువు దేన్ని దగ్గరికి తెచ్చినా ఆ రేకులు విడిపోతాయి. పక్కన నల్లటి ఎబొనైట్ కడ్డీ, దాన్ని రుద్దడానికి పిల్లి చర్మం. చిన్నపిల్లల ప్రయోగం. నా పరువు కాపాడాలని ఆయన వెతికి వెతికి తేలికైంది ఇచ్చారు.

నేను బల్ల వైపు ఒక అడుగు వేశాను. ఇంకా కడ్డీ ముట్టుకోలేదు, చర్మం ముట్టుకోలేదు. రేకులు రెండూ విచ్చుకున్నాయి.

"ఇదేమిటి?" అన్నారు సోమయాజులు గారు. వేలితో గుండీని తాకారు. రేకులు ముడుచుకున్నాయి. "ఆ, ఇప్పుడు సరిపోయింది."

నేను భయపడి ఒక అడుగు వెనక్కి వేశాను. రేకులు మళ్లీ విచ్చుకున్నాయి!

ఆయన మళ్లీ తాకారు. ముడుచుకున్నాయి. నేను ముందుకొచ్చాను. విచ్చుకున్నాయి. ఆయన సీసా చుట్టూ తిరిగి చూశారు. "మూర్తీ, దీన్ని నువ్వేమైనా విప్పావా?"

"నేనెందుకు విప్పుతానండీ? మొన్న మీరే కదా తుడిచింది!"

"నేను తుడిస్తే బాగుపడుతుంది కానీ పాడవదు."

"పాడైందని నేననలేదండీ, తుడిచారని అన్నాను."

సంగతేమిటో నాకు అర్థమైపోయింది. దగ్గరికొస్తే విడిపోతున్నాయి, వేలు తాకిస్తే ముడుచుకుంటున్నాయి, దూరం జరిగితే మళ్లీ విడిపోతున్నాయి. పుస్తకంలో ఉన్నదున్నట్టు జరుగుతోంది, పుస్తకంలో కడ్డీ ఉన్నచోట నేనున్నాను, అంతే తేడా. నోరు మూసుకుంటే వీళ్లు సామాను బాగాలేదని ప్రయోగం మానేస్తారు, ఏ గొడవా లేకుండా బయటపడొచ్చు. నోరు విప్పితే, ఇందాకట్నుంచీ ముగ్గురూ మర్యాదగా చూడకుండా ఉన్న దూదినంతా నేనే వేలెత్తి చూపించుకోవాలి. కానీ పాపం, ఆ ఇద్దరూ ఒకరినొకరు అనుకుంటున్నారు. సీసాది తప్పు లేదు. ఊరుకోలేకపోయాను.

"సర్, సామాను బాగానే ఉందండీ. ఛార్జి నాలో ఉంది. ఇది నైలాన్ చీరండీ. బస్సులో సీటుకి ఒరుసుకుంది, మిల్లు దగ్గర దూది అంటుకుంది, దులుపుతూ నేనే ఇంకా పెంచాను."

ముగ్గురూ ఇప్పుడు నా చీర వైపు సూటిగా చూశారు.

"అమ్మయ్య!" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "అడగాలా వద్దా అని ఇందాకట్నుంచి కొట్టుకుంటున్నాను. హాస్టల్లో పరుపేదో చిరిగి నీ మీద పడిందనుకున్నాను."

మూర్తి గారి మొహం వెలిగిపోయింది. "ఏదీ, ఇంకాస్త దగ్గరికి రండి. ఎంతదాకా విచ్చుకుంటాయో చూద్దాం!" చిన్నపిల్లాడికి బొమ్మ దొరికినట్టు ఉంది ఆయన వాలకం. సోమయాజులు గారు "నెమ్మది, నెమ్మది" అంటూనే ఉన్నారు. నేను వంగాను. వంగితే నీ చీర సంగతి తెలుసు కదా సరళా, కొంగు భుజం మీద నిలవదు. జర్రున జారి తిన్నగా వెళ్లి ఇత్తడి గుండీకి తగిలింది.

టప్!

రేకులు రెండూ విసురుగా విడిపోయి చెరోపక్క గాజుకి కొట్టుకున్నాయి. ఒకటి మధ్యకి తెగి, ఊగుతూ ఊగుతూ సీసా అడుక్కి చేరింది.

సోమయాజులు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. రేకు కిందే ఉంది. "ఉన్నది ఇదొక్కటే" అన్నారు. ఎవరినీ ఏమీ అనలేదు, అంతే అన్నారు. తిట్టినా బాగుండేది.

నాకు ఏడుపొచ్చేసింది. "క్షమించండి సర్" అన్నాను. ఇక నమస్కారం పెట్టి వెళ్లిపోవడమే మిగిలింది. చేతులు జోడించబోతే వేళ్ల మధ్య ఒక దూది పింజ. తెలీకుండానే దాన్ని బొటనవేలితో చూపుడువేలితో నలిపి ఉండ చేస్తున్నాను. మా ఇంట్లో చేతికి దూది తగిలితే వేళ్లు వాటంతటవే తిరుగుతాయి. చిన్న ఉండ. గుండ్రంగా, మెత్తగా, బెండు బంతి అంత.

"సర్... బంతులు కావాలి కదండీ ఆ లెక్కకి? ఇవి పనికొస్తాయి" అన్నాను. నేనేనా అన్నది అనిపించింది.

ఎవరూ వద్దనే లోపలే చీర మీదనుంచి ఇంకో పింజ తీసి రెండో ఉండ చేశాను. దారాలు కావాలి. నూలు దారమైతే ఛార్జిని కొంచెం కొంచెంగా జారనిస్తుంది. జారనివ్వని దారం ఆ గదిలో ఒక్కచోటే ఉంది. ఇదిగో సరళా, ఇక్కడే నువ్వు కుర్చీని గట్టిగా పట్టుకోవాల్సింది. కొంగు చివర కుట్టు పక్కన, ఎవరికీ కనబడని చోట, రెండంటే రెండే పోగులు లాగాను. కృష్ణవేణీ, పట్టుకో దాన్ని! విప్పి చూసుకో, నీకే కనబడదు. మా నాన్న చూసి, ఇంత నీటుగా పోగు లాగడం నేసేవాళ్ల పిల్లకి తప్ప రాదన్నాడు.

మూర్తి గారే త్రాసు తెచ్చి ఉండల్ని తూచారు. నేను స్టాండుకి రెండూ ఒకే చోట వేలాడదీశాను. సోమయాజులు గారు వచ్చి, నన్ను రెండడుగులు దూరంగా నిలబెట్టి, "నువ్వక్కడే ఉండు తల్లీ" అని ఆయనే కడ్డీని పిల్లి చర్మంతో రుద్దారు. కడ్డీ దగ్గరికి తేగానే ఉండలు రెండూ ఎగిరి దానికి అతుక్కున్నాయి. కాసేపలా ఉండి, ఒక్కసారిగా దాన్ని వదిలేసి దూరంగా గెంతాయి. కడ్డీ తీసేశారు. రెండు దూది ఉండలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ, మధ్యలో కనబడని చెయ్యేదో అడ్డం పెట్టినట్టు, ఎడంగా నిలబడిపోయాయి.

ప్రిన్సిపాల్ గారు కుర్చీలోంచి లేచి వచ్చారు. వంగి ఆ మధ్యనున్న ఖాళీలోంచి ఇటు చూశారు, అటు చూశారు. "ఏమీ లేదే!" అన్నారు. మళ్లీ చూశారు. నవ్వారు. నిజం చెప్తున్నా, పుస్తకంలో ఈ బొమ్మ ఎన్నిసార్లు గీశానో! కళ్లతో చూడటం నాకూ అదే మొదలు. నేనూ నవ్వాను. కళ్లలో నీళ్లు అలాగే ఉన్నాయి.

స్కేలు పెట్టి ఎడం కొలిచాను. నాలుగు సెంటీమీటర్లు. నల్లబల్ల మీద సున్నాలన్నీ చెరిపేశాను. బరువు, వాలు, తోపు, వర్గమూలం. ఐదున్నర వచ్చింది. ఈసారి పక్కన ఏం రాయాలో ముందు తేల్చుకుని, అప్పుడు సుద్ద పెట్టాను. పాత కొలతలో ఐదున్నర. దాని కింద కొత్త కొలతలో కూడా రాశాను: ఒక్క కూలంబుని వంద కోట్ల వంతులు చేస్తే అందులో సుమారు రెండు వంతులు.

"నాకు వచ్చేట్టు చెప్పు" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఇందాక కొండను ఎత్తానండీ. ఇప్పుడు దూది పింజను మాత్రం కాస్త పక్కకి జరిపానండీ."

"ఇది నమ్మొచ్చు" అన్నారావిడ.

"ఆ ఐదున్నర చాలు" అన్నారు సోమయాజులు గారు. "కింద రాసింది అనవసరం."

"అదేమిటండీ, కింద రాసిందే అసలుది!" అన్నారు మూర్తి గారు.

"ఈ ఊళ్లో కూలంబు అంటే ఎంతో ఎవరికి తెలుసయ్యా?"

"బజార్లో మిరపకాయలు కూడా కిలోల్లో తూస్తున్నారండీ. మనమే ఇంకా మారలేదు."

"మా ఆవిడ ఇప్పటికీ వీశెల్లోనే అడుగుతుంది. వాడు ఇస్తాడు కూడా."

"ఇస్తాడు, తక్కువ తూచి!"

ఇక వాళ్లిద్దరూ నన్ను మర్చిపోయారు. ఒకరు నా పై వరస పట్టుకున్నారు, ఒకరు కింది వరస పట్టుకున్నారు. నేను మధ్యలో సుద్ద పట్టుకుని నిలబడ్డాను. చివరికి నేనే, "సర్, రెండూ ఒకటేనండీ. పాతదాన్ని మూడు వందల కోట్లతో భాగిస్తే కొత్తదొస్తుంది. ఇందాక నేను భాగించడం మర్చిపోయాను, అంతే" అన్నాను. ఇద్దరూ ఆగారు. ఇద్దరూ ఒకేసారి "అదే కదా నేననేది!" అన్నారు.

ప్రిన్సిపాల్ గారు తన కుర్చీలోకి వెళ్లి కూర్చున్నారు. "మూర్తి గారు చేరినప్పట్నుంచీ వీళ్లిద్దరూ స్టాఫ్‌రూములో దీని గురించే పోట్లాడుకుంటున్నారమ్మా. ఆ పోట్లాట దేని గురించో నాకు ఇవాళే తెలిసింది. సోమవారం వచ్చి చేరు."

నాకు వినబడలేదు. అంటే వినబడింది, నమ్మబుద్ధి కాలేదు. "కబురు చేస్తారాండీ?" అని అడిగాను.

"చేశాను కదమ్మా ఇప్పుడే" అన్నారావిడ.

అదీ సంగతి! వచ్చింది! ఏయ్ సరళా, మీద పడకే, టీ ఒలికిపోతుంది! ఉండండి, ఉండండి, ఇంకొంచెం ఉంది.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి నాన్న వీధరుగు మీద కూర్చుని ఉన్నాడు. మగ్గం లేదు, పని లేదు, ఊరికే కూర్చున్నాడు. నా మొహం చూసి లేచి నిలబడ్డాడు. చెప్పాను. నా భుజం మీదినుంచి ఒక దూది పింజ తీసి, వేళ్లతో పురి పెట్టి, "మంచి దూదే" అన్నాడు. వెంటనే పక్కింటివాళ్లకి చెప్పడానికి వెళ్లిపోయాడు.

అమ్మ మాత్రం నన్ను పీట మీద కూర్చోబెట్టి, కంచంలో అన్నం పెట్టి, మొదట్నుంచీ మొత్తం చెప్పించుకుంది. రిక్షా, దూది, కూలంబులు, కొండ, తెగిన బంగారు రేకు, అన్నీ. ఎక్కడా నవ్వలేదు. అంతా అయ్యాక అడిగింది, "ఇంతకీ ఆ ఉద్యోగంలో నీ పనేమిటే?"

"ప్రయోగాల గది నా చేతికి ఇస్తారమ్మా. అక్కడున్న సామానంతా నేనే చూసుకోవాలి. ఏదీ పాడవకుండా, తెగకుండా, పగలకుండా కాపాడాలి" అన్నాను గొప్పగా.

అమ్మ గరిటె పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏమిటీ? నీనుంచా?"